అయ్యగారింట ఒకేసారి ఉడకని అన్నం

మా ఊరి పాస్టర్ అయ్యగారింట్లో అన్నం ఎప్పుడూ ఒకేసారి ఉడకలేదు. ఆయన భార్య, మా అమ్మగారికి వండడం రాక కాదు. ఆ బియ్యం అలాంటివి.

మా సంఘంలో ఆడవాళ్లు ప్రతి పూటా వంటకు బియ్యం కొలుచుకున్నాక, ఎసట్లో పోసేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తారు. వారమంతా అలా పోగైన బియ్యాన్ని ఆదివారం గుడ్డసంచిలో పోసుకుని మందిరానికి తెచ్చి, మూలనున్న రేకు డబ్బాలో కుమ్మరిస్తారు. అదే అయ్యగారి జీతం. ఒక ఇంటివి రేషన్ బియ్యం, ఒక ఇంటివి దొడ్డు బియ్యం, ఇంకొకరివి భోపాల్‌పట్నం బజార్లో కొన్న సన్నవి. ఒకామె ఉప్పుడు బియ్యం తెస్తుంది. ఏమీ లేని వారం సామలు తెచ్చేవాళ్లూ ఉన్నారు. అన్నీ ఒకే కుండలో పడితే సన్నవి జావ అవుతాయి, దొడ్డువి పలుకు మీద ఉండిపోతాయి. చిన్నప్పుడు ఆ ఇంట్లో తిన్న ప్రతిసారీ సగం ముద్ద మింగి సగం నమిలేవాణ్ణి.

"మన సంఘం ఎట్లున్నదో నా కంచంల కనపడతది బిడ్డా," అనేవారు అయ్యగారు. "కొందరు మెత్తగ, కొందరు పలుకుగ. ఏరి పారేస్తనా ఏంది?"

ఆయనకు పది డిసిమిల్, అంటే పది సెంట్ల జాగా ఉంది, తండ్రి ఇచ్చింది. ముందు భాగంలో మట్టి గోడలు, పైన రేకులు, రేకుల మీద టార్పాలిన్, అది మందిరం. వెనక ఒక గది, ఒక పొయ్యి, అది ఇల్లు. ఎండాకాలం తునికాకు కోయడానికి అందరితో పాటు అడవికి పోతారు. చలికాలం మంచాలకు నులక పేనుతారు. ఆదివారం వాక్యం చెబుతారు. మధ్యాహ్నం పిల్లలను కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దిస్తారు.

ఆ చివరి పని గురించి కాస్త చెప్పాలి. మాది ఛత్తీస్‌గఢ్. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, పొలంలో దోర్ల గిరిజనుల దోర్లీ, సంతలో హిందీ. బడిలో నేర్పేది హిందీ ఒక్కటే. నాకు తెలుగు 'అ' దిద్దించింది ఏ ప్రభుత్వమూ కాదు, పాత రేకు ముక్క మీద బొగ్గుతో అయ్యగారు. ఆ అక్షరాలు పట్టుకుని నేను బచేలి వెళ్లాను. అక్కడ గనుల కాలనీలో క్యాంటీన్ కాంట్రాక్టరు దగ్గర పదకొండేళ్లు గిన్నెలు కడిగాను, కూరలు తరిగాను, సెలవు రోజుల్లో గ్రంథాలయంలో కూర్చున్నాను. అక్కడ ఆంధ్ర నుంచి వచ్చిన ఉద్యోగుల కోసం ఒక తెలుగు బీరువా ఉండేది. పై అర నుంచి కింది అర దాకా వరుసగా చదివేశాను. చరిత్రలు, చట్టాలు, మతాల పుట్టుపూర్వోత్తరాలు, కోళ్ల పెంపకం. విజ్ఞాన సర్వస్వంలో మాత్రం ఒకే ఒక్క సంపుటం మిగిలి ఉండేది. అందుకే చదరంగం, చెదలు, చైనా, జలగలు, ఈ విషయాల్లో ఇప్పటికీ ఎవరికీ తల వంచను. వాటికి ముందూ వెనకా అక్షరాలతో మొదలయ్యే సంగతుల్లో కొంచెం వినయంగా ఉంటాను.

ఇప్పుడు భోపాల్‌పట్నంలో ఛాయిస్ సెంటర్ నడుపుతున్నాను. ఆధార్ సవరణలు, కుల ధ్రువపత్రాలు, అర్జీలు, ఏ కాగితం కావాలన్నా నా దగ్గరికే వస్తారు. ఊరు మద్దేడ్ వైపు, రోడ్డు నుంచి కొంచెం లోపలికి. ఆదివారాలు తప్పకుండా వెళ్తాను.

ఊళ్లోకి ఫోన్లు వచ్చాక వాటి వీడియోల్లో దైవజనులు కూడా వచ్చారు. దైవజనులంటే మామూలు పాస్టర్లు కాదు, గోదావరి అవతల పెద్ద పెద్ద సభలు పెట్టే ప్రసంగీకులు. వాళ్లలో ఒకాయన మా వాళ్లకు బాగా నచ్చాడు. తెల్ల సూటు, తెల్ల బూట్లు, తెల్ల కారు. తన కారు ముందు నిలబడి, విశ్వాసం ఉన్నవాడికి దేవుడు ఎలా ఇస్తాడో చెప్పేవాడు. కారు పూర్తిగా కనిపించేలా తాను కొంచెం పక్కకు జరిగి మరీ చెప్పేవాడు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మా సంఘపెద్ద లేచాడు. ఆయన కొత్తగా ఫైనాన్స్‌లో ట్రాక్టర్ తీసుకున్నాడు, దీవెనల విషయంలో ఆతురత ఎక్కువ.

"ఆయన కారు జూసిన్రా? దేవుడు ఆయనకిచ్చిండు. మరి మన అయ్యగారికి ఏమిచ్చిండు? పంక్చర్ల సైకిల్. గురువే గిట్లుంటే మనకేం దీవెన తగులుతది?"

అయ్యగారు తల గోక్కుంటూ నవ్వారు. మాట్లాడింది మా పెద్దవ్వ. సంఘంలో అందరికంటే పెద్ద వయసు, దోర్ల తెగ ఆమె. తెలుగు సంఘంలోనే నేర్చుకుంది, దెబ్బలాడడానికి సరిపడా.

"సైకిల్ దేవుడెందుకిస్తడు? మేకను అమ్మి నేనిచ్చిన."

అందరూ నవ్వారు. కానీ మాట మాత్రం ఊళ్లో నిలిచిపోయింది. బోధ చెప్పేవాడు ధనవంతుడు కావచ్చా, కాకూడదా? హోటల్లో టీ తాగేవాళ్లకు కూడా అదే చర్చ. నా సెంటర్‌కు వచ్చినవాళ్లు నన్నే అడిగేవారు. నేను ఒక నోటుబుక్కు తీసి మధ్యలో గీత కొట్టాను. ఎడమవైపు 'కావచ్చు', కుడివైపు 'కాకూడదు'. డాక్టరు, వకీలు సంపాదిస్తే లేని తప్పు బోధకుడికే ఎందుకు? ఆకలితో ఉన్న బోధకుడు ఊరి పెద్దలకు భయపడడా? ఇవి ఎడమవైపు. ఇచ్చేవాడి కంటే పుచ్చుకునేవాడు బలిస్తే దాన్ని కానుక అనాలా, శిస్తు అనాలా? పేదరికం విశ్వాసం లేకపోవడమే అయితే దేవుడి లెక్కలో మా ఊరంతా నాస్తికులేనా? ఇవి కుడివైపు. రెండు వైపులా పేజీలకు పేజీలు సమానంగా నిండాయి. అది చూసి నా పాండిత్యానికి నేనే మురిసిపోయాను. సమానంగా నిండిందంటే నాకేమీ తేలలేదని అర్థం. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

సంఘపెద్ద ఒత్తిడి మీద ఆ తెల్ల కారు దైవజనులకు ఆహ్వానం రాసింది నేనే. నిజం చెప్పాలంటే ఒత్తిడి పెద్దగా లేదు. ఆయన వస్తే నోటుబుక్కు తెరిచి ఒకటి రెండు ప్రశ్నలు అడగాలని, ఆయన నివ్వెరపోయి "మీరేం చదువుకున్నారు?" అని అడగాలని నా కోరిక.

వారం తిరక్కుండా ఆయన సెక్రటరీ ఫోన్ చేశాడు. ఆంధ్ర మాట, తేనె పూసినట్టుంది.

"అయ్యగారు మీ సంఘం గురించి చాలా భారంగా ప్రార్థన చేశారండి. పక్కా మందిరం కట్టించి ఇస్తామన్నారండి. స్లాబు, గ్రానైట్, మైకు సెట్టు, అన్నీ. స్థలం మాత్రం మా మినిస్ట్రీ పేరు మీద ఉండాలండి. దానపత్రం రెడీ చేయించండి."

"మరి మా అయ్యగారు?"

"మా దగ్గర ట్రైనింగ్ అయిన బ్రదర్ వస్తారండి. పెద్దాయనకి రెస్ట్ ఇద్దాం."

రెస్ట్ అన్న మాట నాకు చాలా మర్యాదగా వినిపించింది. అయ్యగారికి అరవై దాటాయి కదా అనుకున్నాను. ఆయనకు మాత్రం ఆ మాట చెప్పలేదు. మర్యాదైన మాటను దాచాల్సిన అవసరం ఏమిటో నన్ను నేను అడగలేదు కూడా.

ఫోన్ పెట్టేసే ముందు భోజనం సంగతి అడిగాను.

"అయ్యో, స్పెషల్‌గా ఏమీ వద్దండి! అయ్యగారు చాలా సింపులండి. మీ పాస్టర్ గారు ఏం తింటే అదే తింటారు. ప్రసంగాల్లో కూడా చెబుతుంటారు కదండీ, పేదవాడి కంచంలో తినడమే నా పండగ అని."

ఈ మాట ఊళ్లో ఉన్నదున్నట్టు చెప్పాను.

దానపత్రం హిందీలో నేనే టైప్ చేశాను, స్టాంపు పేపరు మీద నేనే ప్రింటు తీశాను. చదివి వినిపించడానికి ఊరికి వెళ్తే అయ్యగారు గడప దగ్గర కూర్చుని నులక పేనుతున్నారు. ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పాను. నాలుగు హద్దులు చెప్పాను. ఆయన పేనడం ఆపకుండా విన్నారు.

"పిల్లలు వానకు తడుస్తున్నరు. స్లాబు పడితే మంచిదే," అన్నారు. ఇంకో మూర నులక పేని, "నా పొయ్యి యాడుంటది బిడ్డా?" అని అడిగారు.

"కాగితాల్లో పొయ్యిల గురించి రాయరు అయ్యగారూ."

"అంతేనా. సరే తియ్. పెద్దోళ్లు, మరిచిపోరులే."

నేను ఇంటికి వస్తూ దారిపొడవునా చట్టాల పుస్తకంలో చదివిన దానం నిర్వచనం మననం చేసుకున్నాను. అది బాగానే గుర్తుంది.

దైవజనులు వచ్చింది కొత్త పంట పండుగ నాడు. కొత్త వడ్లు దంచి, మొదటి బియ్యం మందిరానికి తెచ్చే ఆదివారం అది. గుమ్మడికాయలు, చిక్కుళ్లు, కాళ్లు కట్టిన కోడిపెట్ట ముందు వరుసలో పెట్టారు. పొద్దున్నే మందిరం వెనక ఆడవాళ్ల మధ్య పెద్ద వాదన జరిగింది. సంఘపెద్ద భార్య కోడి కోద్దామంది. పెద్దవ్వ ఒప్పుకోలేదు.

"మీ అయ్యగారు ఏం తింటే నేను అదే తింట అని ఆయన అన్నడా లేదా?"

"అన్నడవ్వా. గానీ మర్యాదకు అంటరు."

"మర్యాదకు అంటే అబద్ధమాడినట్టా? దేవుని మనిషి అబద్ధమాడతడా? మనం కోడి కోస్తే ఆయన మాట అబద్ధం జేసినట్టు గాదా?"

 నేను పక్కనే ఉన్నాను. పట్నాల్లో మర్యాద మాటలకు వేరే అర్థం ఉంటుందని ఏ పుస్తకంలోనో చదివాను గానీ, మందిరం వెనక నిలబడి ఆ మాట ఎలా చెప్పను? కోడి బతికిపోయింది. వంకాయ పులుసు, పిడికెడు బియ్యం అన్నం అని తీర్మానం అయింది.

అంతటితో ఆగితే బాగుండేది. అంత పెద్దమనిషి కంచంలో తన ఇంటి గింజ పడాలని ప్రతి ఆడమనిషికీ ఆశ. ఎవరికి వారు పరుగెత్తి ఇంటి నుంచి ఒక్కో పిడికెడు తెచ్చి నేరుగా అమ్మగారి కుండలో పోశారు. అప్పుడే దంచిన కొత్త బియ్యం, రెండేళ్ల పాత బియ్యం, ఉప్పుడు బియ్యం, సామలు. మద్దేడ్ నుంచి వచ్చిన ఆడబిడ్డ ఒకామె సంచిలో తెచ్చుకున్న కొర్రలు కూడా వేసింది. ఆ కుండ చూసి అమ్మగారు చిన్నగా, "ఇయ్యాల యేసయ్యే ఉడకబెట్టాలె," అన్నారు.

తెల్ల కారు వచ్చింది. ఊరి దారిలో దుమ్ముకు గోధుమ రంగు కారైంది. దైవజనులు దిగి బూట్ల వంక చూసుకుని, తర్వాత మా వంక చూసి "ప్రైజ్ ది లార్డ్" అన్నారు. ప్రసంగం బాగా చెప్పారు, అది ఒప్పుకోవాలి. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ తడపాలో ఆయనకు తెలుసు. బోధకుడు సుఖంగా ఎందుకు బతకాలో కూడా మా భాషలోనే చెప్పారు.

"కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కడతారా? కట్టరు! తొక్కే ఎద్దు తినాలి! దైవసేవకుడు తినాలి! ఆమెన్ చెప్పండి!"

అందరూ ఆమెన్ అన్నారు. నా పక్క వరుసలో పెద్దవ్వ ఆమెన్ అని, వెంటనే పక్కామె చెవిలోనే అంటున్నానని అనుకుని అందరికీ వినపడేలా అంది:

"ఎద్దు తినాలె, నిజమే. కళ్లం పట్టా గూడ ఎద్దు పేరు మీద రాయమంటదా?"

ఆడవాళ్ల వరుసంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంది. దైవజనులు ఆ కదలికను పరిశుద్ధాత్మ ప్రభావం అనుకుని, ఇంకో పావుగంట చెప్పారు.

తర్వాత భోజనం. చాప పరిచి, ఆయనకు మాత్రం కుర్చీ, స్టూలు వేశారు. ఊరంతా చుట్టూ నిలబడింది. అమ్మగారు వడ్డించారు. ఆయన ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. దవడ ఒకసారి కదిలి ఆగింది. చుట్టూ చూశారు. ఎవరూ కదలడం లేదు. ఒక్కో ఆడమనిషీ తన గింజ ఆయన గొంతు దిగుతుందా లేదా అని చూస్తోంది. నీళ్లు తాగి దాన్ని దింపారు.

"సిస్టర్, అన్నం సరిగ్గా ఉడికినట్టు లేదు."

"ఉడికినకాడికి ఉడికిందయ్యా," అన్నారు అమ్మగారు. "ముప్పై ఏండ్ల సంది ఇట్లనే ఉడుకుతున్నది."

దైవజనులు సెక్రటరీ వంక చూశారు. సెక్రటరీ కారు దగ్గరికి నడిచి, వెనక డోరు తీసి, నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ తెచ్చాడు. మూత తీయగానే మసాలా వాసన టార్పాలిన్ కింద అంతా నిండింది. చికెన్ బిర్యానీ, గోదావరి అవతలి హోటలుది. పక్క గిన్నెలో పెరుగు పచ్చడి కూడా ఉంది.

ఎవరికీ కోపం రాలేదు. రాలేదంటే నమ్మాలి. అందరికీ జాలేసింది. "పాపం, కడుపుల ఏమో బాధ ఉన్నట్టున్నది," అని సంఘపెద్ద భార్య నాతో గుసగుసలాడింది. ఆయన బిర్యానీ తింటున్నంతసేపూ ఊరు ఆయన ఆరోగ్యం గురించి బెంగపడింది. పక్కన చాప మీద మా అయ్యగారు ఆ కుండ అన్నమే, సగం మింగి సగం నమిలి, ప్రశాంతంగా తిన్నారు.

చేతులు కడుక్కున్నాక సెక్రటరీ దానపత్రం స్టూలు మీద పరిచాడు. కలం మూత తీసి అయ్యగారి చేతికిచ్చాడు. అప్పుడు పెద్దవ్వ ముందుకు వచ్చింది. ఆమె కోపంగా రాలేదు. నిజంగానే ఒక ఇబ్బంది కనిపించి వచ్చింది.

"అయ్యా, దస్తఖత్ అయితే ఈ జాగ నీదే గదా?"

"దేవుడిదమ్మా. మా మినిస్ట్రీ పేరు మీద ఉంటుంది."

"అదే. జాగ ఎవరిదైతే డబ్బ బియ్యం వాళ్లే తినాలె. మా దగ్గర అదే రివాజ్. నువ్వేమో తినలేకపోతివి. మరెట్ల?"

దైవజనులు నవ్వారు. "బియ్యం ఎందుకమ్మా ఈ రోజుల్లో? అమ్మేసి ఫోన్లో పంపండి. స్కానర్ కోడ్ ఇస్తాం, మందిరంలో అతికించుకోండి."

పెద్దవ్వ ఆలోచించింది. "పిడికెడు ఫోన్ల ఎట్ల బడతది?"

"కొత్త బ్రదర్ వస్తారు, ఆయన చూసుకుంటారమ్మా."

"కొత్తాయన ఎవరు?" అన్నారు అమ్మగారు. మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "మరి మేం?"

సెక్రటరీ నా వంక చూశాడు. మీకు చెప్పాను కదండీ అన్నట్టు. అయ్యగారు కూడా నా వంక చూశారు. పెద్దవ్వ నేరుగా అడిగింది.

"నువ్వు పెద్ద చదువు చదివినోనివి. కాగజ్ నువ్వే రాసినవంట. అండ్ల వీళ్ల పొయ్యి ఉన్నదా, లేదా?"

నోటుబుక్కు నా జేబులోనే ఉంది. అందులో ఈ ప్రశ్నకు సంబంధించినది ఒక్క వాక్యం లేదు. అయ్యగారి చేతిలో కలం, కాగితం మీద నా హిందీ, అందులోని కోర్టు భాష అర్థమయ్యే మనిషి సంఘంలో నేనొక్కణ్ణి. పదకొండేళ్ల గ్రంథాలయం కంటే ముందు రేకు ముక్క మీద బొగ్గు గీతలు గుర్తొచ్చాయి.

"లేదవ్వా," అన్నాను. "పొయ్యి లేదు. అయ్యగారికి రెస్ట్ అన్నరు. నాకు ముందే దెల్సు. నేను చెప్పలే."

పుస్తకాల తెలుగు నోట్లోంచి ఎటు పోయిందో తెలియదు.

అయ్యగారు నన్ను కోప్పడలేదు. కలానికి మూత పెట్టి, రెండు చేతులతో సెక్రటరీకి తిరిగిచ్చారు. "రెస్ట్ నాకు అలవాటు లేదయ్యా," అన్నారు. "స్లాబు మళ్లెప్పుడన్న జూద్దాం." అంతే. గట్టిగా కూడా అనలేదు. సంఘపెద్ద ఏదో అనబోయాడు గానీ ఆయన భార్య అప్పటికే డబ్బా దగ్గర నిలబడి సంచిలోని కొత్త బియ్యం కుమ్మరిస్తోంది. ఆ చప్పుడుకు ఆయన ఆగిపోయాడు.

దైవజనులను వట్టి చేతులతో పంపడం మా వాళ్లకు నచ్చదు. గుమ్మడికాయలు, చిక్కుళ్లు, కాళ్లు కట్టిన కోడిపెట్ట, అన్నీ కారు డిక్కీలో పెట్టారు. కడుపు బాగవ్వాలని నిలబడి ప్రార్థన కూడా చేశారు. ఆయన కళ్లు మూసుకుని ఆమెన్ అన్నారు. మా బీదతనాన్ని క్షమించినట్టు చేయి ఊపారు. కారు వెళ్లింది, దానపత్రం స్టూలు మీదే మిగిలింది.

సాయంత్రం రోడ్డు మీది టీ హోటలాయన నాకు ఫోన్ చేశాడు. "తెల్ల కారు పెద్దాయన మనుషులు ఒక కోడిని నా దగ్గర దింపి పోయిన్రు. కారంత ఖరాబ్ జేసిందంట. పాపం, కోడికి ఏం దెల్సు తెల్ల సీటని?" తీసుకొచ్చి అయ్యగారికి ఇవ్వబోతే పెద్దవ్వ ఒప్పుకోలేదు, దేవునికి ఇచ్చింది వెనక్కి తీసుకోరాదట. కాబట్టి అది మందిరం ఆస్తిగా మందిరంలోనే ఉంటోంది. గుడ్లు పెడుతోంది. ప్రసంగం మధ్యలో మాట్లాడుతుంది.

స్లాబు రాలేదు. మొన్నటి వానలకు టార్పాలిన్ మళ్లీ కారింది. సంఘపెద్ద కొన్నాళ్లు అలిగి, తర్వాత తన ట్రాక్టర్‌లో కొత్త టార్పాలిన్ తెచ్చాడు. నేను మాత్రం అయ్యగారి ముందు చాలా వారాలు కళ్లెత్తలేకపోయాను. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. ఒక ఆదివారం పిలిచి, "నీ కాగజ్ వెనక ఏం రాయలేదు గదా?" అని అడిగారు. లేదన్నాను. "మంచి దళసరి కాగజ్," అన్నారు.

తర్వాతి ఆదివారం వెళ్లేసరికి ఆ స్టాంపు పేపరు తిరగేసి, వెనకవైపు పెద్ద పెద్ద అక్షరాలతో అ నుంచి అః దాకా రాసి మందిరం కిటికీకి తగిలించారు. పిల్లలు దాన్ని చూసి దిద్దుతున్నారు. వెలుతురు వెనకనుంచి పడినప్పుడు నా హిందీ టైపు కొంచెం కనిపిస్తుంది, నాలుగు హద్దులతో సహా.

ఇంటికి వచ్చి నోటుబుక్కు తీశాను. గీతకు రెండు వైపులా ఉన్నది మళ్లీ చదివాను. బాగానే రాశాను. మా ఇంట్లో బియ్యం కరెంటు కుక్కర్‌లో, గ్లాసుతో కొలిచి వండుతాం, అన్నం అంతా ఒకేలా ఉడుకుతుంది. భోపాల్‌పట్నం వచ్చినప్పటి నుంచి పిడికెడు తీయడం మానేశామని మా ఆవిడ ఆ రోజే గుర్తు చేసింది. కుక్కర్ పక్కన ఒక డబ్బా పెట్టాం.

"దొడ్డువి వేద్దామా, సన్నవి వేద్దామా?" అని అడిగింది.

మనం తినేవే వెయ్యమన్నాను.